ఉత్తుత్తి ప్రయాణం

“ఈ బోర్డులు పెట్టిన మహానుభావుడెవడో గానీ, ఒక్కసారి నా కంటపడాలి!”

ఖాళీ వీల్‌చెయిర్‌ని మెట్ల ముందు ఆపి ఆ అమ్మాయి గట్టిగానే అంది. పక్కనే స్తంభానికి ఆనుకుని నిలబడ్డ అతను, మెడలో వేలాడుతున్న ఐడీ కార్డుని మెల్లగా వెనక్కి తిప్పేశాడు.

“కంటపడితే ఏం చేస్తారు?”

“ముందు కళ్ళు టెస్ట్ చేస్తా. కళ్ళద్దాల షాపులో నా పని అదే. లిఫ్ట్ అని రాసి మెట్లు చూపించాడంటే వాడికి దగ్గరవీ కనపడవు, దూరంవీ కనపడవు.”

“తర్వాత?”

“తర్వాత ఈ కుర్చీలో కూర్చోబెట్టి, వాడి బాణం ఎటు చూపిస్తే అటే తోసుకెళ్తా. మెట్లొచ్చినా సరే ఆపను.”

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూ కాస్త వంగాడు. అంతే, కార్డు గిర్రున తిరిగి ముందుకొచ్చింది. ఫోటో, దాని కింద పెద్ద అక్షరాలతో ‘సైన్‌బోర్డ్ డిజైనర్’.

ఆమె కార్డు చదివింది. అతని మొహం చూసింది. మళ్ళీ కార్డు చదివింది.

“మీరేనా?”

“నేనే. కూర్చోమంటారా?” అన్నాడు వీల్‌చెయిర్ వైపు చూస్తూ.

ఆ రోజు ఆ కొత్త టెర్మినల్‌లో విమానాలేవీ లేవు. దాన్ని ఇంకా తెరవనేలేదు. తెరిచేలోపు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఊళ్ళోవాళ్ళని వందలమందిని పిలిచి, ఉత్తుత్తి టికెట్లు, పాత పేపర్లు కుక్కిన సూట్‌కేసులు చేతికిచ్చి, నిజంగానే ప్రయాణమైనట్టు తిరగమన్నారు. వచ్చినవాళ్ళకి అదో పిక్నిక్. అతనికి మాత్రం పరీక్ష. ఎవరికీ దారి చెప్పకూడదు. బోర్డులు చూసుకుని వాళ్ళంతట వాళ్ళు వెళ్ళగలుగుతున్నారో లేదో దూరం నుంచి గమనించాలి, అంతే.

పొద్దుటి నుంచి గమనిస్తూనే ఉన్నాడు. బాత్రూమ్ కోసం బయల్దేరినవాళ్ళు సామాన్ల దగ్గర తేలుతున్నారు. ఒక పెద్దాయన ఒకే కాఫీ కొట్టు ముందు నుంచి పదేపదే వెళ్ళి, చివరికి కొట్టువాడితో చుట్టరికం కూడా కలిపేసుకున్నాడు. ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని గీసిన దారులన్నీ, మనుషులు కాలు పెట్టగానే నీళ్ళలో రాతల్లా చెదిరిపోయాయి. మధ్యాహ్నానికే అతనికి విషయం అర్థమైపోయింది. తను ఫెయిలయ్యాడు.

అయినా ఈ అమ్మాయి నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు.

“ఈ కుర్చీ ఇవాళ ఖాళీగా ఉంది కాబట్టి మీకు జోకుగా ఉంది” అంది. గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. “వచ్చే నెల ఇందులో మా అన్నయ్య ఉంటాడు. రెండు కిడ్నీలూ పోయాయి. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంట్లో ఎవరం ఎప్పుడూ విమానం ఎక్కినవాళ్ళం కాదు. ఆ రోజు దారి తెలీక అన్నయ్యని అటూ ఇటూ తిప్పకూడదని, ముందే చూసి పెట్టుకుందామని వచ్చాను.”

  ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

రూలు పక్కన పెట్టి, వీల్‌చెయిర్ హ్యాండిల్ పట్టుకున్నాడు. “రండి.”

“ఎక్కడికి?”

“లిఫ్ట్ దగ్గరికి.”

“ఎక్కడుంది?”

“ఆ సబ్బు వెనక.”

గోడంత టీవీలో ఒకమ్మాయి నురగతో మొహం కడుక్కుంటోంది. ఆ టీవీ వెనక్కి వెళ్తే లిఫ్ట్ తలుపు. అతను పెట్టిన బోర్డు కూడా అక్కడే, టీవీ చాటున, ఎవరికీ కనపడకుండా భద్రంగా ఉంది.

“బోర్డు పెట్టాక ఈ టీవీ తెచ్చి అడ్డం పెట్టారు” అన్నాడు. “మీటింగ్‌లో వద్దని చెప్పాను.”

“గట్టిగా చెప్పారా?”

“ఒకసారి చెప్పాను.”

“ఓహో” అంది ఆమె. ఆ ఒక్క ‘ఓహో’ అతని ఒంటికి అంటుకుపోయింది.

గేటు దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అద్దాల అవతల వాన మొదలైంది. రన్‌వే మీద ఒక్క విమానమూ లేదు. వానకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు, ఎవరినో సాగనంపడానికి వచ్చినట్టు హడావుడిగా అద్దం పొడుగునా పరుగులు పెడుతోంది. మైకులో లేని విమానానికి పిలుపు వచ్చింది. జనం నవ్వుకుంటూ లైన్లో నిలబడ్డారు. ఆమె లేవలేదు.

“కిడ్నీ ఎవరిస్తున్నారు?” అతను మెల్లగా అడిగాడు.

“నేనే. అమ్మకి షుగరు. నాన్న లేరు. ఇంకెవరున్నారు?” అని, ఏదో చిన్న విషయం చెప్పినట్టు లేచి నిలబడింది. “పదండి, మన విమానం వెళ్ళిపోతుంది.”

మర్నాడు ఆఫీసులో మేనేజర్ మేడమ్ సగంమంది దారి తప్పారన్న వార్త చల్లగా వినిపించింది. చాలా బోర్డులు మార్చాలంది. అతను తలూపాడు. లిఫ్ట్ దగ్గర టీవీ కూడా తీయాలన్నాడు.

“అది కుదరదు. అది యాడ్‌వాళ్ళది.”

“అయితే దారులన్నీ బాగున్నాయని నేను సంతకం పెట్టను, మేడమ్.”

గదిలో అందరూ తలెత్తి చూశారు. అతను గొంతు పెంచడం అంతకుముందు అక్కడెవరూ వినలేదు. అతనూ వినలేదు.

వారం తిరక్కుండా టీవీ పక్క గోడకి జరిగింది. దాంతోపాటు అతనూ జరిగాడు. తర్వాతి పెద్ద ప్రాజెక్టులోంచి తీసేసి, కార్ల పార్కింగ్ బోర్డుల పనిలో వేశారు.

ఆ కబురు చెప్పే నెపంతో, ఆ రోజు ఆమె చెప్పిన కళ్ళద్దాల షాపుని వెతుక్కుంటూ వెళ్ళాడు.

“పర్లేదు, కార్లు తిట్టవు” అన్నాడు.

 ఆమె ఎత్తు కుర్చీ చూపించింది. “కూర్చోండి. మాటిచ్చాను కదా, కళ్ళు టెస్ట్ చేస్తానని. పైవరస చదవండి.”

“మీకు నా మీద ఇంకా కోపంగా ఉందా అని రాసుంది.”

“అక్కడున్నవి మూడే అక్షరాలు.”

“అయితే ‘కోపమా’ అని రాసుంది.”

ఆమె పెదవి చివర నవ్వు వచ్చి, అడ్రసు తప్పు అనుకుని వెనక్కి వెళ్ళిపోయింది. చిన్న టార్చి పట్టుకుని అతని కంట్లోకి వంగి చూసింది. అంత దగ్గరగా ఒక అమ్మాయి తనని చూడటం అతనికి అదే మొదటిసారి. ఆ చూసేది కంటి నరాన్నే అయినా సరే.

“కదలకండి.”

“నేను కదల్లేదు. లోపలేదో కదిలింది.”

“దానికి మా దగ్గర అద్దాలు లేవు” అంది, టార్చి ఆపేసి.

అప్పుడే తెలిసింది, ఆమె కళ్ళ కింద నల్లటి చారలున్నాయని. నవ్వించడం తేలిక, ఆ చారలు చెరపడం తన వల్ల కాదని కూడా తెలిసింది.

ఆ తర్వాత వాళ్ళింటికి రాకపోకలు మొదలయ్యాయి. ఆమె అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో మాస్టారుగా ఉండేవాడు. ఇప్పుడు కిటికీ పక్క మంచమే అతని లోకం. డాక్టరు రోజుకింతేనన్నాడని కొలిచి పోసిన నీళ్ళగ్లాసుని పక్కనే పెట్టుకుని, దాన్ని ముట్టుకోకుండా దాచుకుంటూ కాలం గడుపుతున్నాడు.

“మా చెల్లిని మెట్లమీదకి పంపబోయిన ఇంజనీరువి నువ్వేనా?” అన్నాడు మొదటిరోజే. “నా దగ్గరికొచ్చి ఉంటే నీకు లైసెన్సు ఇప్పించేవాణ్ణి కాదు.”

“అన్నయ్యా!”

“ఏంటే, నువ్వు తిట్టొచ్చు గానీ నేను తిట్టకూడదా? రోజూ రాత్రి భోజనాల దగ్గర ఈ అబ్బాయి సంగతేగా!”

ఆమె గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చెవుల ఎరుపు గడప దాటేదాకా కనిపించింది.

ఆమె లేనప్పుడు ఆ మాస్టారు వేరేలా మాట్లాడేవాడు.

“దాని ఒంట్లోంచి తీసుకుని నేను బతకాలా అనిపిస్తుంది ఇంజనీరూ. బతకాలనీ అనిపిస్తుంది. రెండూ ఒకేసారి. ఏ రోజూ ఒకటి రెండోదాన్ని గెలవదు.” కిటికీలోంచి చూస్తూ అన్నాడు. “ఇది ఎవరికీ చెప్పకు.”

అతను చెప్పలేదు. డయాలసిస్‌కి తోడు వస్తానని మాత్రం ఆమెను ఎన్నిసార్లు అడిగాడో. ప్రతిసారీ ఒకటే జవాబు. “వద్దు. నేను చూసుకుంటాను.” మందుల షాపుకి వెళ్తానన్నా అదే. గ్యాస్ సిలిండర్ మోస్తానన్నా అదే. ఆ ఇంటి బరువంతా ఒక్కతే మోస్తోంది. ఎవరైనా చెయ్యి వేస్తే బరువు తగ్గుతుందని అనుకోదు, తను కూలబడిపోతానని ఆమె భయం.

ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం, షాపు మూసే వేళకి కుండపోత. షట్టర్ కింద ఇద్దరికీ చాలని చోటులో నిలబడ్డారు. అతని భుజం ఒకటి పూర్తిగా తడిసిపోతోంది.

“ఇటు జరుగు” అంది. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

“జరిగితే నువ్వు తడుస్తావు.”

“ఆపరేషన్ ముందు నాకు జలుబు చేయకూడదు. నువ్వు చెప్పింది కరెక్టే. అక్కడే తడువు.”

అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆమె వైపు చూశాడు. “నీకో విషయం చెప్పాలి.”

“చెప్పకు.”

“ఏంటో తెలుసా?”

“తెలుసు. నీ మొహం మీద బోర్డు పెట్టుకుని తిరుగుతున్నావు. నువ్వు పెట్టిన బోర్డుల్లో సరిగ్గా అర్థమయ్యేది అదొక్కటే.” ఆమె వానలోకి చూస్తూ అంది. “నన్ను అడగకు. అన్నయ్య పక్కన పడుకుని ఊపిరి లెక్కపెడుతూ ఉంటాను. మధ్యలో కాస్త ఆలస్యమైతే నా గుండె ఆగిపోతుంది. ఇందులో ప్రేమ ఎక్కడ పెట్టుకోమంటావు? ఖాళీ లేదు.”

“ఖాళీ అయ్యేదాకా...”

“అయ్యేదాకా అని కూడా అనకు. ఖాళీ అవ్వడం అంటే ఏంటో ఆలోచించావా?”

అతను ఆలోచించాడు. కిటికీ పక్క మాస్టారి మంచం కళ్ళముందు కనపడింది, ఖాళీగా. ఆ రాత్రి ఇంటికెళ్ళి, తడిసిన చొక్కా కూడా విప్పకుండా కూర్చుండిపోయాడు.

ప్రయాణం రోజు వాళ్ళకంటే ముందే టెర్మినల్‌కి చేరుకున్నాడు. ఇప్పుడు అక్కడ విమానాలన్నీ నిజమైనవే. సూట్‌కేసుల్లో నిజం బట్టలు. సాగనంపేవాళ్ళ కళ్ళలో నిజం నీళ్ళు. మాస్టారు వీల్‌చెయిర్‌లో కూర్చుని దారి పొడుగునా విమర్శలు చేశాడు. “ఈ బోర్డు బానే ఉంది. ఇది కాస్త ఎత్తయింది. ఇంజనీరూ, ఈ మలుపు దగ్గర హారన్ కొట్టాలి.” మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. వాళ్ళమ్మ సంచీని గుండెకి హత్తుకుని వెనకాలే నడుస్తోంది. లిఫ్ట్ దగ్గర ఎవరూ ఆగలేదు, ఎవరూ తడుముకోలేదు. తలుపు తెరుచుకుంది, వెళ్ళారు. లోపలికి అడుగుపెడుతూ అతను పక్కనున్న తన బోర్డుని ఒకసారి చేత్తో తట్టాడు.

సెక్యూరిటీ దగ్గర అతను ఆగిపోవాలి. అమ్మా, అన్నయ్యా ముందుకెళ్ళాక ఆమె నాలుగడుగులు వెనక్కొచ్చింది.

“నా కోసం ఎదురుచూడకు” అంది.

“సరే.”

“మాటవరసకి చెప్పడం లేదు. మేము ఎలా వస్తామో, అసలు ఎంతమంది వస్తామో నాకే తెలీదు. నువ్వు మంచివాడివి. పాడైపోకు.”

అతను జవాబు చెప్పేలోపే ఆమె లైన్లో కలిసిపోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందేమోనని చూశాడు. తిరగలేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో అతనికే తెలీదు. పార్కింగ్‌లో ఏదో గీస్తాడు, తుడిపేస్తాడు. ఫోన్ తీస్తాడు, పెట్టేస్తాడు. మొదట్లో ఆమె నుంచి ముక్తసరి మెసేజ్‌లు వచ్చేవి. టెస్టులు జరుగుతున్నాయి. ఇంకా జరుగుతున్నాయి. రేపు పెద్ద డాక్టర్ని కలుస్తాం. ఆ తర్వాత ఏమీ లేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పగలు తప్పిపోయిన పిల్లాడిలా తిరిగాడు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఎవరైనా ‘ఏమైంది’ అని అడిగితే ఏం చెప్పాలి? ఆమె తనకేమవుతుంది? ఆసుపత్రిలో ఏదైనా జరిగితే కబురు చెప్పాల్సినవాళ్ళలో తన పేరు ఎక్కడా ఉండదు. అన్నిటికంటే ఎక్కువ బాధించింది అదే.

చివరికి ఒక మధ్యాహ్నం మాస్టారి నుంచి ఫోన్ వచ్చింది.

“ఇంజనీరూ, రేపు సాయంత్రం వచ్చేస్తున్నాం.”

అతను చేతిలో పని వదిలేశాడు. “ఆపరేషన్...”

“జరగలేదు. జరగదు. దాని కిడ్నీల్లో ఒకటే పనంతా చేస్తోందట. రెండోది పేరుకే ఉందట. ఇక్కడి పెద్ద టెస్టులో బయటపడింది. ఉన్న ఒక్కటీ తీస్తే దానికేం మిగలదు.” గొంతు తగ్గించాడు. “నిజం చెప్పనా? డాక్టర్ ఆ మాట అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, హాయిగానూ అనిపించింది. అది మాత్రం ఒక్క మాటా మాట్లాడటం లేదు. తిండి లేదు, నిద్ర లేదు. నువ్వు వస్తే ఏమంటుందో నాకు తెలీదు. అయినా రా.”

మర్నాడు అరైవల్స్ గేటు దగ్గర నిలబడ్డాడు. అద్దాల తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఎవరినో కౌగిలించుకుంటున్నారు. అంత సంతోషం మధ్య నిలబడటం అతనికి సిగ్గుగా అనిపించింది. ఆమెతో ఏమనాలో దారంతా నెమరేసుకుంటూ వచ్చాడు. వేరే డోనర్ దొరుకుతాడు, ధైర్యంగా ఉండు, నీ తప్పేముంది, అన్నీ సర్దుకుంటాయి.

వాళ్ళు వచ్చారు. వీల్‌చెయిర్‌లో మాస్టారు. మొహం ఉబ్బి ఉంది, చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. పక్కన వాళ్ళమ్మ. వెనక రెండు సంచులతో ఆమె. అతన్ని చూసి ఆగిపోయింది. అతను నెమరేసుకున్న మాటలన్నీ ఒక్కదెబ్బకి ఎగిరిపోయాయి.

“ఎదురుచూడొద్దన్నాను.”

“అన్నావు.”

“మరెందుకొచ్చావు?”

“ఇంట్లో ఉండలేక.”

ఆమె సంచులు కింద పెట్టింది. “ఇన్నాళ్ళూ ఆ కిడ్నీని నా ఒంట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను. అది పనికిరాదని నాకే తెలీదు. అన్నయ్యకి మాటిచ్చాను. నేనున్నాను కదా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో...”  షాపులో, ఇంట్లో, ఆసుపత్రిలో ఎక్కడా ఏడవని మనిషి, అంతమంది మధ్య నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

“నాకేం చెప్పాలో తెలీడం లేదు” అన్నాడు అతను.

“ఏం చెప్పకు. అందరూ చెప్తూనే ఉన్నారు.”

అతను చెప్పలేదు. సంచులు రెండూ భుజాన వేసుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె ఏడుస్తున్నంతసేపూ అలాగే నిలబడ్డాడు. జనం తప్పుకుని వెళ్తున్నారు. తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది. నేలవైపు చూస్తూ అంది. “రేపు పొద్దున్నే డయాలసిస్. నేను షాపుకెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది. అమ్మ ఒక్కతీ అక్కడ కూర్చోలేదు. భయపడుతుంది.” తలెత్తింది. “నువ్వొస్తావా?”

ఆమె నోటి నుంచి ఆ మాట వినడం అతనికి అదే మొదలు.

“వస్తాను.”

“రేపొక్కరోజు కాదు. ఇంకో కిడ్నీ దొరికేదాకా. దొరుకుతుందో లేదో కూడా తెలీదు.”

“వస్తాను.”

“నాకిప్పుడు నవ్వడం చేతకాదు. చీటికీమాటికీ ఏడుస్తాను. తిడతాను. ప్రేమిస్తున్నానని కూడా తిట్టినట్టే చెప్తాను.”

“చెప్పు.”

“చెప్పేశాను కదా!”

అతను బిత్తరపోయి చూశాడు. ఆమె కూడా తను అన్న మాట తనే విన్నట్టు ఒక్క క్షణం నిలబడిపోయింది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ఆమె చెయ్యి మాత్రం వచ్చి అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది.

“అయిందా?” వీల్‌చెయిర్‌లోంచి నీరసంగా వినిపించింది. “అయితే వినండి. నేనింకా బతికే ఉన్నాను, నాకు నడుం నొప్పి పుడుతోంది.”

వాళ్ళమ్మ దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కూతురి చెయ్యి ఎక్కడుందో చూసింది. వదిలేయమనలేదు.

“నువ్వూ రా బాబూ, మనింటికే. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేవు.”

“ఇంకా బాబేంటమ్మా?” అన్నాడు మాస్టారు. తలెత్తి అతని వైపు చూశాడు. ఆ ఉబ్బిన మొహంలో కళ్ళు మాత్రం పాత మాస్టారివి. “బావా, బండి తియ్యి. ముందు హ్యాండ్‌బ్రేక్ చూసుకో.”

అతను వీల్‌చెయిర్ బ్రేకు కోసం వంగాడు. కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనపడటం లేదు. చేత్తో తడుముతున్నాడు. ఆమె పక్కనే వంగి, అతని వేళ్ళు పట్టుకుని బ్రేకు మీద పెట్టింది.